దుంపల చేలో విమానం

ఎవరూ చావలేదు.
అందుకే ఇంతమందికి ఇన్ని మాటలు.

చచ్చినవాడి కళ్ళు చేరెడంటారు.
బతికి బయటపడ్డవాడికి
ఉన్న రెండు కళ్ళూ మసకే.

సారెమా దీవిలో సెప్టెంబరు, మంగళవారం.
పొగమంచు విడిచాక, పదకొండు గంటల వేళ
నాలుగు సీట్ల తెల్ల విమానమొకటి
నా బంగాళదుంప చేలో దిగబడింది.
కూలిందనడానికి నాకు నోరు రాదు.
ఈనడానికొచ్చిన ఆవులా ముందుకాళ్ళు మడిచి
పదహారు సాళ్ళు దున్నుకుంటూ పోయి
జూనిపర్ పొదల ముందు ఆగింది.

తలుపులోంచి ముందు ఒక బూటు పడింది.
తర్వాత రైవో. అతని భార్య ట్రీన్, భుజం పట్టుకుని.
చివర్న వెల్లో, ఒకప్పుడు ఫెర్రీ కెప్టెన్,
రైవోకి మేనమామ,
ఒళ్ళో తేనె కేకు పెట్టెతో.
కేకు చెక్కు చెదరలేదు.

సాయంత్రానికి కొట్టు ముందు తీర్పులు మొదలు.

పెట్రోలు అయిపోయుంటుందన్నాడు ట్రాక్టర్ల మేరెక్.
"వెల్లో పిసినారి. ఫెర్రీ రోజుల్లో
చింపిన టికెట్లు కూడా దాచుకునేవాడు."
మరి నా సాళ్ళలో మూడు రోజులు ఆ కంపేమిటని
తర్వాత అడిగితే, వినపడనట్టు బీడీ వెతుక్కున్నాడు.

గుండె, అంది మందుల షాపు ఆస్ట్రిడ్.
తొమ్మిదేళ్ళ కిందట ఆమె భర్త
కారు స్టీరింగు మీద తల వాల్చాడు.
అప్పట్నుంచి లోకంలో ఏది ఆగినా
ఆమెకి గుండే.

బాతుల గుంపు తగిలిందన్నారు బడి మాస్టారు.
రెక్కల మీద ఈకైనా లేదంటే
గాలికి పోయుంటుందన్నారు.

గాల్లో పేచీ పడ్డారు, ఆస్తి గొడవ,
ట్రీన్ ఆ ముసలాయన మొహం చూడ్డం లేదు, గమనించారా,
అని ఇంకొకరన్నారు.
ఆ ఇంకొకరు నేనే.
నాకూ మా తమ్ముడికీ గట్టు తగాదా వచ్చి
ఆరేళ్ళుగా మాటల్లేవు.

ఏమీ అననిది ఒక్క మెకానిక్ కల్యు.
పోయిన నెల ఆ ఇంజనుకి గొట్టం మార్చాడు.
రాత్రిళ్ళు షెడ్డులో లైటు వేసుకుని
పానాలు లెక్కపెడుతున్నాడని అతని భార్య చెప్పింది.

తాలిన్ నుంచి ఒక పిల్ల వచ్చింది,
రబ్బరు బూట్లు, చిన్న నోటుపుస్తకం.
పేరు కార్ట్.
"చప్పుడు ఒక్కసారిగా ఆగిందా, కొంచెం కొంచెంగానా?"
దగ్గుతూ, అన్నాను.
పెళ్ళిలో పాట ఎత్తుకుని చరణం మరిచిపోయిన తాతలా.
"ఆరోజు గాలి ఎలా ఉంది?"
దుప్పట్లు ఆరేసి రెండు రోజులైనా
చెమ్మగానే ఉన్నాయన్నాను.
ఆ మాట కింద గీత గీసింది.

అలాంటి గాలిలో, చలి అంతగా లేకపోయినా,
ఇంజను గొంతులో మంచు పేరుకుంటుందట.
ఊపిరి సలపనివ్వదట.
కింద పడ్డాక ఆ ఇంజను వేడికే కరిగి
మనిషి వచ్చేసరికి మాయమవుతుందట.

సాక్ష్యం ఉండదా?
"తడి ఉంటుంది. అదీ కాసేపే."
అయితే అదేనా?
"అయ్యుండొచ్చు."

ఆ ఒక్క మాట దగ్గరికి రావడానికి
ఆమెకి మూడు వారాలు పట్టింది.
మేం మొదటి సాయంత్రమే
దాన్ని తొక్కుకుంటూ దాటిపోయాం.

నేను పరిగెత్తి వెళ్ళినప్పుడు
ఇంజను కింద ఒక చుక్క వేలాడుతుంటే
ఎందుకో కొంగుగుడ్డతో తుడిచాను.
పెట్రోలో, నీళ్ళో. వాసన చూడలేదు.
ఆ సంగతి ఆమెకి చెప్పానా?
చెప్పాననే అనుకుంటున్నాను.

అక్టోబరులో వెల్లో వచ్చాడు, కట్టు కట్టిన చేత్తో.
సాళ్ళ చివర చాలాసేపు నిలబడ్డాడు.
"వేడిగాలి పిడి ఒకటుంటుంది. లాగాలి.
లాగానంటుంది చెయ్యి.
లేదంటుంది తల."
ఏ చెయ్యని నేనడగలేదు.

అతని విమానం తవ్విపోసిన దుంపలే
ఒక బస్తా నింపి ముందు పెట్టాను.
కిలో ఎంత, అన్నాడు.
మేరెక్ గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.
ఎడమచేత్తో చిల్లర ఒక్కొక్కటే లెక్కపెట్టి
ఐదు సెంట్లు వెనక్కి తీసుకున్నాడు.

ఆ దుప్పట్లు నాలుగో రోజుకి ఆరాయి.