పాపల పిండి

బీరు రేటు మళ్ళీ పెరిగిన శనివారం
నేను, ప్రభుదాసు జేబులు దులిపి చూసుకుని
సరే, మనమే కాద్దాం అనుకున్నాం.

కిరాణాకొట్టు బార్లీని మూడు రాత్రులు
తడిగుడ్డలో పడుకోబెట్టాను.
మొలక రాలేదు. కంపు వచ్చింది.
పాలిష్ పట్టినదానికి ప్రాణమెక్కడిదిరా అని
గిన్నె గుమ్మం బయట పెట్టాడు ప్రభుదాసు.

రాగులకు ఆ పోజు లేదు.
వన్‌టౌన్‌లో రెండు కిలోలు తెచ్చి నానేసి మూటగడితే
రెండో తెల్లవారికి
గింజగింజకీ తెల్లటి తోక.
రేకుల మీద ఎండబెట్టి పావురాలకు కాపలా కూర్చున్నాను,
ఆటోనగర్‌లో ఒక పూట జీతం పోయింది.
(ఇది ఖర్చులో రాయలేదు.)

చిట్టినగర్ కొండ మీద, నూటపన్నెండో మెట్టు దగ్గర మా గది.
ఇక్కడ ఏం కాయాలన్నా
నీళ్ళకంటే ముందు మోకాళ్ళు కావాలి.

పిండిమర బాజీ సంచి విప్పి
గుప్పెడు తీసి వాసన చూశాడు.
"మొలకెత్తిన రాగులు. పాపకా?"
అవుననో కాదనో తలాడించాను.
"ఎన్నో నెల?"
"ఆరు."
ఎందుకన్నానో నాకే తెలీదు.
బరకగా ఆడించమంటే కోప్పడ్డాడు,
పసిగొంతుకి బరకేంటయ్యా, అడ్డం పడుద్ది.
రెండుసార్లు ఆడించాడు, పౌడరులా.
డబ్బులు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు:
"పాపల పిండికి నేను తీసుకోను."

ఆ మెత్తదనమే మా కొంప ముంచింది.
వేడినీళ్ళలో కలిపి, డేక్సాకి బొంత కప్పి రెండు గంటలాగాక
వడకడదామంటే చుక్క దిగదు.
నా పాత లుంగీ ఒక కొస నేను, ఒక కొస వాడు,
రాత్రి ఒంటిగంట దాకా
పురిపెట్టి పిండుతూనే ఉన్నాం.
కింద సొరంగంలోంచి లారీలు
మమ్మల్ని చూసి నవ్వినట్టే హారన్లు.

చేదుకి ఏదో సీమ పువ్వు వెయ్యాలట.
దాని ధర విని
తాయారమ్మగారి డబ్బాలోంచి
ఉగాదినాటి ఎండు వేపపువ్వు చారెడు అడిగాను.
ఆవిడ పువ్వివ్వలేదు ముందు. క్యాను చూపించమంది.
మూతలో ముక్కు పెట్టింది.
"మాగాయ జాడీలో తడిచెయ్యి పెడతావా నువ్వు?
సలసల కాగే నీళ్ళు, ఆపైన ఎండ,
ఆ తర్వాతే నీ వేషాలు."
ఏం కాస్తున్నావని మాత్రం అడగలేదు.

బేకరీ కుర్రాడు పొట్లం కట్టిచ్చిన ఈస్టు.
ఇరవై లీటర్ల క్యాను, మూతకి చిల్లి,
చిల్లిలో ప్రభుదాసు ఆసుపత్రినుంచి తెచ్చిన కొత్త సెలైన్ పైపు,
దాని కొస నీళ్ళసీసాలో.
చుట్టూ తడి గోనెసంచి.
పుష్యమాసం కాబట్టి సరిపోయింది,
మే నెలలో ఈ బండ మీద
నీళ్ళే తాగబుద్ధి కావు.

మర్నాడు సాయంత్రం దాకా చప్పుడు లేదు.
రాత్రి భోజనాల వేళ
గుడ్… అంది.
చేతిలో ముద్ద అలాగే ఆగింది.
గుడ్. గుడ్.
ప్రభుదాసు డ్యూటీలో చెప్పినట్టే చెప్పాడు:
"పేషెంటు గాలి పీలుస్తున్నాడు."
నిజానికి వదులుతున్నాడు. నేను దిద్దలేదు.

కాలెండరు వెనక లెక్క:
రాగులు తొంభై. బెల్లం ముప్ఫై.
ఈస్టు పది. క్యాను నూట ఇరవై, పాతది.
పైపు పదిహేను, గ్యాసు అరవై అనుకో.
పిండిమర, సున్నా.
ఆ సున్నా దగ్గర పెన్ను కాసేపు ఆగుతుంది.

పదిరోజులకి సీసాల్లోకి దించేముందు
ఉప్పు కోసం కొండ దిగాను.
బాజీ మర ఆపి మరీ పిలిచాడు.
కాగితం పొట్లంలో ఖర్జూరాలు,
"మెత్తగా నలిపి పెట్టండి, బలం."

గాలి పట్టాలంటే
సీసాకి కాస్త తీపి వెయ్యాలి.
ఇంట్లో పంచదార నిండుకుంది.
ఒక్కో సీసాలో ఒక్కో ఖర్జూరపు తునక.

మూత తీస్తే వేళ్ళ మీదికి పొంగింది నురగ.
మడ్డిగా ఉంది, పుల్లగా ఉంది,
వేపపువ్వు చివర్లో వచ్చి నాలుక గిల్లింది.
తాయారమ్మగారు స్టీలుగ్లాసులో రెండు గుటకలేసి
"చేదు చాల్లేదు" అని మెట్లు దిగిపోయింది.

రేపు మళ్ళీ రాగులు నానెయ్యాలి.
ఈసారి బాజీ పేరడుగుతాడు.
ఏం పేరు పెట్టామో
ఇంకా అనుకోలేదు.