పెట్టెకు చోటు

ఆరిన్ టాకెట్ తెచ్చిన పెట్టెను బల్ల మీద పెట్టి చూశాను.
పేకముక్కల కట్టంత ఉంది. ముందు ఒక నల్ల కన్ను.
"ఎక్కడ బిగిస్తావో నీ ఇష్టం వెర్నా,
నాకు వినపడితే చాలు" అన్నాడు.
ఎడమ చెవి సైరన్లకే అరిగిపోయిందట.

ఇరవయ్యారేళ్లు నెవాడా రోడ్ల మీద
రాడార్ తుపాకీ పట్టి కూర్చున్న మనిషి.
ఇప్పుడు మోటార్ సైకిలుకి దాని పసిగట్టే పెట్టె!
షెడ్డులో కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేక
పానాల కోసం వెతుకుతున్నట్టు వంగారు.

ట్యాంకు మీది సంచిలో పెడదామనుకున్నా.
మీటర్ల వెనక పడితే దానికి దారేం కనపడుతుంది?
గాలి ఆపే ప్లాస్టిక్ అద్దంలోంచి రాడార్ దూరుతుంది,
ఇనుములోంచి దూరదు.
వెనక నుంచి వచ్చేదానికి మన ఒళ్లే అడ్డం,
దానికి నేను చేసేదేం లేదు.

చివరికి క్లచ్ డబ్బా బోల్టులు రెండూ విప్పి
కాస్త పొడుగువి వేసి, వాటి మీద చిన్న చెయ్యి నిలబెట్టాను.
కింద రబ్బరు ముక్క, పాత ట్యూబులోది.
లేకపోతే ఇంజను వణుకు
నెల తిరక్కుండా లోపలి అతుకులు ఊడగొడుతుంది.
హ్యాండిల్ ఈ కొసకీ ఆ కొసకీ తిప్పి చూశాను,
ట్యాంకుకు తగల్లేదు.

ఇక తీగ.
నేరుగా బ్యాటరీకి కలిపితే
బండి నిద్రపోయినా ఇది మేలుకుని తాగుతూనే ఉంటుంది.
వారం తర్వాత మీట నొక్కితే టిక్కుమనడం తప్ప ఏం ఉండదు.
అందుకే వెనక దీపం తీగలో కబురు తీసుకుని రిలేకి ఇచ్చాను:
తాళం తిప్పితేనే కళ్లు తెరువు, తీస్తే మూసుకో.
రెండు ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి జానెడు దూరంలో.
నెగెటివ్ కొస రంగు మీద బిగించొద్దు,
లోహం తళుక్కుమనేదాకా గీకాలి.

తీగను మెడ దగ్గర వదులుగా వదిలాను.
బిగించి కట్టావా,
మలుపుకో పోగు తెగుతుంది.
ఎవరూ చూడరు. ఒకరోజు మూగబోతుంది.

ఎండలో తెర మీది అంకెలు కనపడవు.
హెల్మెట్‌లో కుడి చెవి పక్కకు స్పీకరు దించాను.

"ఎంత?" అన్నాడు.
"నూట పద్దెనిమిది డాలర్లు."
లెక్కపెట్టబోయి ఆగాడు.
నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, తొంభై ఒక మైళ్ల వేగానికి
ఆయన రాసిచ్చిన చలానా అంతే.
"గుర్తుందా?"
"లేదు" అన్నాడు. పచ్చి అబద్ధం.
నోట్లు మాత్రం సరిగ్గా ఇచ్చాడు,
పద్దెనిమిదికి చిల్లరతో సహా.

యాభై ఐదు దాటి నడపడని ఊరంతటికీ తెలుసు.
మరి ఇది దేనికని నేను అడగలేదు.

శనివారం సాయంత్రం వచ్చి తనే చెప్పాడు.
నూట నలభై మైళ్లు తిరిగితే రెండే సార్లు మోగిందట.
ఒకటి కిరాణా కొట్టు, తనంతట తెరుచుకునే తలుపు.
దాని మీద కోపంగా ఉన్నాడు.

రెండోది అరవై ఎనిమిదో మైలురాయి దగ్గర,
సేజ్ పొదల మధ్య ఒంటరి జూనిపర్ నీడలో.
అది ఆయన కూర్చునే చోటే.
చలికాలం గోళ్లు నీలం తిరిగే చోటు,
గంటల తరబడి ఒక్క లారీ కూడా రాని చోటు.
ఇప్పుడు అక్కడ ఎచెవేరియా వాళ్ల పెద్దమ్మాయి, కొత్త యూనిఫారం.

"కుడి చెవిలో కూసింది వెర్నా.
మైలు ముందే తెలిసిపోయింది,
అక్కడ మనిషి ఉన్నారని."

ఫ్లాస్కులో కాఫీ ఇంకా వేడిగానే ఉందట.
ఆ పిల్ల పంచదార వేసుకోదట.

మాట్లాడుతూనే
క్లచ్ పక్కన ఆ రబ్బరు ముక్కను
బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు,
ఊడుతుందేమో అని.