డాట్లు

గుంటూరు కొత్తపేటలో
మా మేడమెట్ల కింద మస్తాన్‌బీ కుట్టుమిషను.
సాయంత్రం కరెంటు పోయింది.
ఆమెకి ఇన్వర్టరుంది, నాకు రేపటి పాఠముంది.
లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాను.

తెర మీద భూమి.
పక్కన పేర్ల పట్టీ, ఏది నొక్కితే
ఆ తీరున సాగుతుంది, నలుగుతుంది.
మెర్కేటర్ నొక్కాను.
గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత అయి కూర్చుంది.

"ఇదేంది మేడమ్, నెత్తిన ఇంత గుడ్డ వదిలేశాడు?"
పెదాల మధ్య గుండుసూదులు కదలకుండా అడిగింది.
నిజానికి ఆఫ్రికాలో అలాంటివి పద్నాలుగు పడతాయన్నాను.
"అయితే వాడు దర్జీ కాదులే."

ఇంకోటి నొక్కాను. వైశాల్యాలన్నీ సరిపోయాయి,
ఖండాలు మాత్రం పిండకుండా ఆరేసిన లుంగీల్లా
కిందికి జారాయి.
"కొలత కుదిరింది. ఒళ్ళే కుదరలా."

గుండ్రటిదాన్ని పలక మీద పరిస్తే
ఎక్కడో అబద్ధమాడక తప్పదని
ఏటా క్లాసులో చెప్పే మాటే చెప్పాను.
ఆమె ఎవరిదో జాకెట్టు ముక్క తీసి
నా మోకాలి మీద పరిచింది.
ముడతలు లేచాయి. ఒకచోట చిటికెడు మడిచి సూది గుచ్చింది.
గుడ్డ మోకాలయింది.
"అబద్ధమెందుకు? డాటు."

తర్వాత తనే వేలు పెట్టి కిందికి లాగింది,
వలిచిన బత్తాయి తొక్కలాంటి పటం దాకా.
"వీడూ పనివాడంటే! కోతలన్నీ నీళ్ళలో పెట్టాడు,
నేల చెదరలా."
కాసేపాగి,
"ఆ నీళ్ళలో ఎవరూ లేరుగా?"

ఉన్నారు. చుక్కలంత దీవులు.
"కాస్త జరపరాదూ, పాపం."

జరపడానికో మీట ఉంది.
పట్టుకుని లాగాను. ఒక దీవిని తప్పిస్తే ఇంకో ఊరు,
ఊరిని తప్పిస్తే ఇంకెవరి పొలమో.
లాగుతూ లాగుతూ పోతే
కోత వచ్చి సరిగ్గా గుంటూరు మీద పడింది.
కొత్తపేట ఎడమ అంచున,
బ్రాడీపేట కుడి అంచున,
నడుమ రైలుకట్ట ఉండాల్సిన చోట
మొత్తం ప్రపంచం.

నా కాలేజీ అటు. నా గది ఇటు.
మీట వదలడానికి చెయ్యి రాలేదు.

మస్తాన్‌బీ వంగి రెండంచులూ చూసింది,
చొక్కా పక్కలు చూసినట్టు.
"ఏం కాదు. తిరగేసి కలిపి కుడితే
మళ్ళీ పక్కపక్కనే."

ఫ్యాను ఒక్కసారిగా తిరిగింది.
"కరెంటొచ్చింది. ఆ మోకాలి మీది ముక్క ఇటివ్వండి,
రేపు పొద్దున్నే ఇవ్వాలి."