పద్నాలుగో నంబరు నోరు

రాయపురంలో వాననీటి కాలవ కోసం తవ్వుతుంటే
పొక్లెయిన్ పంటికి తగిలాడు అతను.
పొక్లెయిన్‌కీ పళ్ళుంటాయి, ఐదు.
డ్రైవరు ఆపకపోయుంటే ఇదంతా లేదు.

కీళ్పాక్‌లో మా ల్యాబు రెండో అంతస్తు.
ఏసీ కారే చోట బకెట్టు పెట్టి
ఎళిలరసీ నేనూ వెదురు పుల్లలతో, మెత్తటి బ్రష్షుతో
నెల రోజులు అతని నోరు కడిగాం.
బతికుండగా ఇంత శ్రద్ధగా ఎవరూ కడిగుండరు,
తానైనా సరే.

పై దవడ. ముందు పళ్ళు నాలుగు.
వాటి నడుం చుట్టూ బంగారు తీగ
వెంట్రుక కంటే కాస్త లావు,
లోపలికీ బయటికీ అల్లుకుంటూ వెళ్ళి
కుడి కోరపన్ను వెనక ముడిపడింది.
నాలుక ఒక్కటే తడమగలిగే చోట ముడి.

ఇది వైద్యుడు వేసింది కాదన్నాను.
నీకెలా తెలుసంది ఎళిలరసి.
మా నాన్న షావుకారుపేటలో ముక్కుపుడకల పని చేసేవాడు.
తీగ కొసని గుచ్చుకోకుండా లోపలికి మడిచి దాచే
ఆ మర్యాద నాకు తెలుసు.
ఎవరో కంసాలి,
నోరు తెరిపించి, ఊపిరి వాసన ఓర్చి,
దీపం ఎవరిచేతో పట్టించి
ఒక పూటంతా కూర్చుని ఉంటాడు.

స్కానర్‌లో నాలుగు గంటలు తిరిగాడు పద్నాలుగో నంబరు.
మూడో పంటికి వేరు లేదు. రంపంతో కోశారు.
అడ్డంగా చిల్లు పొడిచి తీగ దూర్చారు.
తన పన్నే ఊడితే తిరిగి కట్టించుకున్నాడనుకున్నాం.
కాని మిగతావి అరిగి, ఆకూవక్కా కారెక్కి ఉంటే
ఇదొక్కటీ అంచు చెదరకుండా ఉంది.
పదహారేళ్ళ పన్ను
యాభై దాటిన నోట్లో.

ఐసోటోపుల ఫలితం మంగళవారం వచ్చింది.
మూడు పళ్ళు ఈ తీరం నీళ్ళు తాగి పెరిగాయి.
మూడో నంబరుది ఇంకెక్కడి నీళ్ళో,
సముద్రానికి దూరంగా, నల్లరేగడి నేల.
దాని పింగాణీ మీద రెండు అడ్డగీతలు:
రెండేళ్ళప్పుడొకసారి, మూడున్నరకి మళ్ళీ,
పన్ను పెరగడం ఆపి
అన్నం కోసం ఎదురుచూసింది.
అమ్ముకున్నారో, పీకారో, చచ్చాక తీశారో.
పన్ను ఆకలి చెప్తుంది,
ధర చెప్పదు.

మా నానమ్మ ఉంటే ఒక్కటే అడిగేది: ఎంగిలి కదే?
గ్లాసు ఎత్తి పోసుకునే మనిషి.
నా ముద్ద తమ్ముడికి పెడితే చేతి మీద కొట్టేది.
తనకీ ఒక బంగారు తొడుగు పన్నుండేది.
మూలకొత్తలంలో మర్నాడు బూడిద జల్లెడ పట్టారు,
దొరకలేదు.
అప్పటినుంచీ మా నాన్నకీ బాబాయికీ మాటల్లేవు.

ఇక్కడ ఎంగిలి ఎవరిది నానమ్మా?
అన్నం ముందు ఎవరికి తగిలింది?
వేరు లేని పన్ను, నొప్పి తెలియని పన్ను,
చెరకు కొరకలేదు, జీడి నమలలేదు,
నవ్వినప్పుడు కనబడింది, అంతే.
కాదు, ఇంకోటి కూడా.
త, థ, ద, ధ, న.
నాలుక వెళ్ళి ఆనుకునే అక్షరాలన్నీ
అతను ఆ పన్ను మీద ఆనే పలికాడు.
దాహం అన్నా,
తప్పు అన్నా,
నాది అన్నా.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది: మొత్తం ఎంతమంది.
రెండు అని రాశాను.
మెల్విన్ సార్ కొట్టేశారు. ఒక పుర్రె, ఒక మనిషి,
తమాషాలొద్దు వేదవల్లీ, అన్నారు.
తీగ తెంచడానికి అనుమతి లేదు గనక
పెట్టె ఒకటే.
చీటీలు మాత్రం రెండు అంటించాను, 14, 14-అ,
రెండోది లోపలి వైపు, కొస మడిచి.

మూత బిగిస్తుంటే ఎళిలరసి కేకేసింది,
బకెట్టు నిండిందట.