మోత

బ్రాడీపేట నాలుగో లైను, జెరాక్సు షాపు పైన
సాయంత్రం ఏడింటి బ్యాచి.
యలమంద వచ్చి కూర్చోగానే ముందు బెంచీ తుమ్ముతుంది.
మిర్చి యార్డు నుంచి తిన్నగా ఇక్కడికే వస్తాడు
తేజా కాయల ఘాటు చొక్కా మడతల్లో పెట్టుకుని.

ఇవాళ బోర్డు మీద ఒక్కటే వేరు రాశాను: పోర్ట్.
పాత లాటిన్లో మోయడం అని.
ఇంపోర్టు, లోపలికి మోసేది. ఎక్స్‌పోర్టు, బయటికి.
ట్రాన్స్‌పోర్టు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి.
రేవుని కూడా పోర్టే అంటారు గానీ
అది ఈ వేరుకి సొంత బిడ్డ కాదు,
పెదనాన్న కొడుకు వరస.

యలమంద చెయ్యెత్తాడు.
"మరి పోర్టరు?"
మోసేవాడు.
"ఎక్స్‌పోర్టరు?"
బయటికి మోసేవాడు అన్నాను, అనేసి ఆగాను.
"మా షావుకారు బోర్డు మీద అదే ఉంది సార్.
పదకొండేళ్లలో ఒక్క టిక్కీ ఎత్తగా చూళ్లేదు."
బ్యాచి బ్యాచంతా నవ్వింది.
వ్యాకరణంలో నాకు జవాబు దొరకలేదు.

నవ్వు ఆగాక కవరు తీశాడు,
కొత్తపేట ఆసుపత్రి పేరున్న పల్చటి ప్లాస్టిక్ కవరు.
"ఇందులోనూ ఉంది కదా సార్, పోర్టు?"
ఉంది. రిపోర్టు. వెనక్కి మోసుకొచ్చే కబురు.
ఎల్ నాలుగుకీ ఎల్ అయిదుకీ మధ్య
ఏదో నలిగిందని మోసుకొచ్చింది.
డాక్టరు బెల్టు రాశాడట, సపోర్టుకి.
సపోర్టంటే కింద నిలబడి మోయడం.
ఆ మాట చెబుతూ అతని నడుం వైపు చూడలేక
చేతిలో ఉన్న సుద్దముక్క కోసమే వెతికాను.

నోట్సులో ఏం రాస్తున్నాడో వంగి చూశాను.
ఎడమ పక్క నా మాటలు.
కుడి పక్క, ఎవరూ అడక్కుండానే, అతనివి:
మోత, మోపు, మోపెడు,
కాలు మోపడం, నేరం మోపడం.
చెవుల్లో మోత అని రాసి, పక్కన ఒక ప్రశ్న గుర్తు.
"మన మాటలక్కూడా వేళ్లుంటాయా సార్?"
ఇరవయ్యేళ్లుగా ఇదే గదిలో పరాయి మట్టి తవ్వుతున్నాను.
కాళ్ల కింద మట్టి సంగతి
ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

గంట అయ్యేలోగా ఒకటి మిగిలింది, స్పోర్టు.
ముందు ముక్క ఊడిపోయిన మాట అది.
పని దగ్గర్నుంచి మనసుని పక్కకి మోసుకెళ్లడం.
"అట్టాంటి మోత కూడా ఉందా!"
వాళ్ల పిల్ల ఖోఖో ఆడుతుందట, మండలం జట్టులో.
ఆ పదం మాత్రం రెండు సార్లు రాసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ వాటర్ క్యాను భుజానికెత్తాడు.
వద్దయ్యా, నడుం, అన్నాను.
"ఖాళీదేలే సార్."
ఇనప మెట్ల మీద చప్పుడు కిందికి దిగిపోయింది.

బోర్డు తుడిచాను.
అతను కూర్చున్న చోట పల్చగా, ఎర్రగా దుమ్ము.
చేత్తో దులిపి లైటు తీసేలోగా
మూడు తుమ్ములు.