తరుగు

కొత్తపేటలో మూడో అంతస్తు.
లిఫ్టు చెడిపోయింది.
ఎముకల బలం చూసే చోటికి
నలభై ఎనిమిది మెట్లెక్కి రమ్మన్నారు.

ఆషాఢంలో బాత్‌రూమ్‌లో జారితే
మణికట్టు చీపురుపుల్లలా విరిగింది.
"ఈ మాత్రానికే విరగకూడదే" అంటూ
డాక్టరు గారు చీటీ మీద
నాలుగు ఇంగ్లీషు అక్షరాలు గీశారు.

"గోళ్ళమూడి పున్నారావు గారూ!"
పిలిచిన అమ్మాయి పేరు కెజియా,
తెల్లకోటు జేబు మీద కుట్టి ఉంది.
లోహం ఏదీ ఉండకూడదంది.
బెల్టు తీశాను, తాళాలు తీశాను,
మొలతాడుకున్న వెండిబిళ్ళ దగ్గర కాస్త ఆగి
అదీ తీశాను.
చొక్కా జేబు అడుగున ఎండు తొడిమ దొరికింది.
యార్డు మానేసి మూడేళ్ళు,
ఇన్ని ఉతుకుల్లో ఏ కుట్టు చాటున దాక్కుందో.
"అది లోహం కాదుగా, ఉంచుకోండి బాబాయ్."

వెల్లకిలా పడుకోబెట్టి
పిక్కల కింద స్పాంజి దిమ్మ పెట్టి
బొటనవేళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకునేలా
పాదాలు కట్టేసింది.
కదలొద్దు. మాట్లాడొద్దు.
పైన తెల్లటి చెయ్యి ఒకటి
మగ్గం మీద నాడెలా అటూ ఇటూ.
పట్టపగలు, పనీపాటా లేకుండా,
మూతి కుట్టేసిన టిక్కీలా నేను.

ముప్ఫై నాలుగేళ్ళు కాటా గుమస్తాని.
తేజాలు, బాడిగలు, తాలుకాయలు,
ఎక్కించు, చూడు, కేకెయ్యి, రాయి.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య కేక.
నలభై రెండున్నర తూగితే
"నలభై ఒకటిన్నర!" అని.
కిలో తరుగు.
గోతానికి కొంత, తేమకి కొంత,
మిగతాదానికి పేరు లేదు.
షావుకారు చెప్పాడు, నేను రాశాను
అని చెప్పుకోవడం బాగానే ఉంటుంది.
కేక మాత్రం నాదే.

లేచి గుండీలు పెట్టుకుంటుంటే
తెర మీద నేనే కనబడ్డాను.
కొవ్వు పసుపు, కండ ఎరుపు,
మధ్యలో సున్నం గీతల్లా తెలుపు.
పొట్ట చుట్టూ పసుపే పసుపు,
పెళ్ళికొడుకుని చేసినట్టు.
కొవ్వు ఇరవై ఒక్క కిలోలు.
కండ నలభై మూడు.
ఎముక,
కెజియా వేలు పెట్టి చూపించింది,
రెండు కిలోల ఎనభై గ్రాములు.

"అంతేనా?"
"ఎముకలో ఉండే ఖనిజం బాబాయ్ అది,
ఎవరికైనా మహా అయితే రెండు మూడు కిలోలే.
మీకు సాంద్రత దగ్గర మైనస్ రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది,
అది డాక్టరు గారు చెబుతారు."

డాక్టరు గారి మాట తర్వాత.
రెండు కిలోల ఎనభై!
రెండు టిక్కీల తరుగు.
కపాలం నుంచి కాలివేళ్ళ దాకా
ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టిన సరుకంతా
రెండు కేకల్లో పోయేదే.

వినుకొండ వైపు నుంచి ఒకావిడ వచ్చేది.
పేరు పట్టీలో ఉండే ఉంటుంది, నాకు తెలీదు.
పందొమ్మిది టిక్కీలు.
రాత్రంతా వాటి మీదే పడుకుని
మండే అరచేతులు గాలికి చాపుకుని
పొద్దున్నే అడిగింది
"ఇంకోసారి తూచయ్యా."
కాటా అబద్ధం చెప్పదమ్మా, అన్నాను.
నిజమే, కాటా చెప్పలేదు.
పందొమ్మిది కిలోలంటే
తొమ్మిదిమంది మనుషులు,
పైన ఒక ముంజేయి.
గుమస్తా బుర్ర, ఊరుకోదు.

"ఇంకోసారి తీస్తావా అమ్మా?"
కెజియా నవ్వి కవరు చేతికిచ్చింది.
ఏదో అంది కూడా,
కింద అంబులెన్సు కూతలో వినపడలేదు.

అతికిన చేత్తో కటకటా పట్టుకుని
మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాను.
ఈసారి నలభై ఏడే వచ్చాయి.

గుమ్మంలోనే అడిగింది సూరమ్మ
"ఎంత తీసుకున్నారు?"

కవరు బల్ల మీద పెట్టాను.
ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద
కళ్ళజోడు పెట్టాను.

"పద్దెనిమిది వందలు" అన్నాను.