మొగల్తూరు గట్టు మీద ఇంటర్వ్యూ

నలభై మూడు మెయిళ్లు.
ముప్పై తొమ్మిదింటికి ఉలుకూ పలుకూ లేదు,
మూడింటికి "నిధుల్లేవు, క్షమించండి."
మిగిలిన ఒక్కటీ
చెరువుకి ఊపిరాడని ఒక రాత్రి, ఒంటిగంటకి
నా ఫోన్లో మాట్లాడింది.

"ఏమిటా చప్పుడు?" కెనడా ప్రొఫెసరమ్మ.
ఏరియేటర్లండీ. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే
రొయ్యలు పైకి తేలతాయి.
"ఎంతకి పడిపోతుంది?"
మార్కులు అడగలేదావిడ.
మేత వాసనేసే నోటుబుక్కు తిప్పాను:
రెండేళ్ల రాత్రులు, నా గొలుసుకట్టు రాతలో.

నాలుగేళ్లు జీతమిచ్చి మరీ పరిశోధన చేయిస్తారంటే
కౌలుదారు వీర్రాజు గారు
భుజం మీది బస్తా దించి,
"పట్టుబడి లేకుండానే, పద్మలతా?"

ఏం చెప్పాలో ఇంకా తెలీదు.
మూడున్నరయింది,
సీసా ముంచాలి.